కింది అంచు

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈరోజు ఇరవై రెండు ఆటలాడి పంతొమ్మిది ఓడిపోయాను. తప్పు నాది కాదు కాబట్టే ధైర్యంగా రాస్తున్నాను.

ఎదుటివాడు గుద్దడానికి చెయ్యి ఎత్తుతాడు. కనబడగానే నేను కాచుకునే బటన్ నొక్కుతాను. నొక్కిన సంగతి నా వేలికి తెలుసు, టీవీకి తెలియదు. తెరమీద నా మనిషి చెయ్యి అడ్డం పెట్టేసరికి వాడి గుద్దు పడిపోయి ఉంటుంది. దీన్నే ల్యాగ్ అంటారు. ఈ టీవీ నాన్న పోయే ముందు ఏడాది అమ్మ సీరియళ్ళ కోసం కొన్నది, తొమ్మిదేళ్ళ పాతది. దీని ముందు కూర్చుని పోటీకి తయారవడమంటే కాళ్ళకు గోనెసంచి కట్టుకుని పరుగుపందెంలో దిగడమే.

తుమకూరు పోటీ మార్చి 23న. గెలిచినవాణ్ణి బెంగళూరు జట్టు జీతమిచ్చి పెట్టుకుంటుంది. ముప్పై రెండు నిండినవాళ్ళను తీసుకోరు. నాకు జూన్‌లో నిండుతాయి. అంటే ఇదొక్కటే ఉంది. బెంగళూరు కంపెనీ నన్ను తీసేసి మూడేళ్ళయింది. అదీ నా తప్పు కాదు, ఆ మేనేజర్ వల్ల.

పక్కింటి పెద్దతిమ్మప్ప పొద్దున అరుగు మీద పళ్ళు తోముకుంటూ, "ఏమప్పా నందీశా, నీ బొమ్మలాట యాడిదాకా వచ్చ?" అన్నాడు. గెలిచి వచ్చాక ఇదే అరుగు మీద కూర్చుని జవాబు చెబుతాను.

ఫిబ్రవరి 11

కొత్త టీవీ కావాలని అమ్మకు చెప్పాను. అప్పుడే పనినుంచి వచ్చి వైపర్ కర్రను గోడకు ఆనిస్తోంది. సోలారు పార్కులో ప్యానెళ్ళు తుడిచే పని తనది. తెల్లవారకముందే వెళ్ళాలి. ఎండెక్కి కాలిన గాజు మీద నీళ్ళు పడితే పగులుతుంది. మా చెనక్కాయ చేను కూడా ఆ ప్యానెళ్ళ కిందే ఉంది. ఏ వరుస మాదో అమ్మకు తెలుసు, నాకు తెలియదు.

"ఈ టీవీకేమైందప్పా? బొమ్మ బాగానే వస్తాండాదే."

"బొమ్మ వస్తాది మా. లేటుగా వస్తాది."

"నా సీరియల్ టయానికే వస్తాదే."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎలాగోలా అర్థమయ్యేట్టు చెప్పాను. చేతులు తుడుచుకుంటూ చాలాసేపు పాత టీవీ వైపు చూసింది. "సరే తీసుకో. నువ్వు గెలిస్తే ఈళ్ళ నోళ్ళు మూతపడతాయి. వినీ వినీ నా చెవులు చిల్లులు పడినాయి" అంది.

ఫిబ్రవరి 13

రెండు రోజులుగా ఫోన్లో టీవీలే చూస్తున్నాను. ఒకడు మంచిదన్నదాన్ని ఇంకొకడు చెత్త అంటాడు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఆటపెట్టెను, అదే కన్సోల్‌ను, పాత స్కూలు సంచిలో పెట్టుకుని వై.ఎన్.హొసకోటకు వెళ్ళాను, చిక్కన్న అంగడికి. సెలవు కదా అని అమ్మ కూడా వచ్చింది. బస్సులో ఆ సంచిని తన ఒళ్ళోంచి దించలేదు.

చిక్కన్న అన్ని టీవీల్లోనూ ఒకటే వీడియో పెట్టాడు. నెమలి, జలపాతం, కోసిన దానిమ్మపండు.

"చూడప్పా బొమ్మ. గింజ తీసి నోట్లో వేసుకోవచ్చు."

"బొమ్మ సరేన్నా. ల్యాగ్ ఎంత?"

"అన్ని యాప్‌లూ వస్తాయి."

"యాప్ కాదన్నా. బటన్ నొక్కితే ఎంతసేపటికి కదుల్తాది?"

"కొత్త రిమోట్ ఇస్తాను తీ, దానికేం."

ఇతనితో అయ్యే పని కాదని నేనే కన్సోల్ తగిలించి చూశాను. మొదటిది చాలా పెద్దది, రంగులు కూడా ఘనంగానే ఉన్నాయి, కానీ మనిషి గిర్రున తిరిగితే బొమ్మ అలుక్కుపోయింది. రెండోదానిలో నలుపు అచ్చం బొగ్గే. తెర మాత్రం అద్దంలా మెరుస్తోంది. మా వాకిలి పడమటికి, ఎదురుగా అంతా ప్యానెళ్ళ తళతళ. సాయంత్రమైతే ఆ టీవీలో ఆట కన్నా వాకిలే ఎక్కువ కనబడుతుంది. మూడోది సెకనుకు నూట ఇరవై సార్లు బొమ్మ మారుస్తుంది, తెర మెరవదు, యాభై అంగుళాలు, మా గదికి చాలు. నాలుగోదాని గురించి రాసి కాగితం పాడుచేసుకోను.

మూడో రకంవి చిక్కన్న దగ్గర రెండున్నాయి. అమ్మ రెండింటి ముందూ వంగి, ఒక కన్ను మూసి పక్కనుంచి చూసింది. ప్యానెల్ మీద దుమ్ము మిగిలిందా లేదా అని అలాగే చూస్తుంది.

"ఇది వద్దు. ఎడమ మూల మబ్బు ఉండాది."

నాకేమీ కనబడలేదు. చిక్కన్న లైట్లార్పి నల్ల తెర పెట్టాడు. ఎడమ మూల నిజంగానే తెల్లగా మసక.

"పెద్దమ్మా, నువ్వు నా అంగట్లో పనికి వచ్చేయ్."

"ఆరేండ్లు గాజు తుడిచినాను, ఒక్కటి పగలగొట్టలేదు. ఆ మాత్రం తెలీదా" అంది అమ్మ.

తిరుగు బస్సులో ఆ సంగతి ముగ్గురికి చెప్పింది. టీవీ ఎంచింది నేనైతే పేరు తనకు వచ్చింది. సరే పోనీ.

ఫిబ్రవరి 18

గోడకు బిగించి వెళ్ళారు. పాతది వంటింట్లోకి పోయింది.

ఫిబ్రవరి 19

బొమ్మ అద్భుతం. మొదటిరోజు లెక్కలోకి రాదు.

ఫిబ్రవరి 24

కొత్త టీవీకి చెయ్యి అలవాటు కావాలి. దానికితోడు ఇక్కడ ఇంటర్నెట్ ఒక దరిద్రం. సీటు ఎత్తు కూడా మార్చాలి.

ఫిబ్రవరి 27

ముప్పైలో ఇరవై నాలుగు.

గెలిచినవి కాదు.

మార్చి 2, ఆదివారం

మేఘ వచ్చింది. మా మామ కూతురు, సోలారు కంపెనీ కంట్రోల్ రూములో పని. ఒకప్పుడు మా ఇద్దరికీ ముడివెయ్యాలని పెద్దవాళ్ళు అనుకున్నారు. నేను బెంగళూరు నుంచి సంచి సర్దుకుని వచ్చాక ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మేఘ కూడా ఎత్తలేదు. తను ఈ ఆట ఆడుతుందని నాకు ఇవాళే తెలిసింది.

"బావా, ల్యాగ్ కొలిచినావా?" అంది రాగానే.

"కొలిచేదేంది, కనబడతానే ఉండాది గదా."

తన ఫోన్‌ను డబ్బా మీద నిలబెట్టి, బటన్ నొక్కే నా వేలూ తెరా రెండూ పడేట్టు నెమ్మది వీడియో తీసింది. ఒక్కొక్క బొమ్మ జరుపుతూ లెక్కపెట్టింది. తర్వాత రిమోట్ తీసుకుని సెట్టింగులు తిప్పింది. "గేమ్ మోడ్ ఆన్ చెయ్యలేదేంది బావా నువ్వు? బొమ్మ సొగసు చెయ్యనీకే టీవీ టయం తింటాంది." ఆన్ చేసి మళ్ళీ కొలిచింది. ఆలస్యం దాదాపు లేదు. వేలు పడడం, బొమ్మ కదలడం ఒకటే.

అన్ని రోజులు టీవీల గురించి చదివిన నేను గేమ్ మోడ్ మర్చిపోయానా? మర్చిపోయాననే అన్నాను.

అంతటితో ఊరుకుంటే ఆమె మేఘ ఎందుకవుతుంది. వంటింట్లోకి పోయి పాత టీవీని కూడా తిప్పి చూసింది. అక్కణ్ణుంచే అరిచింది. "బావా, దీంట్లో కూడా ఉండాది. ఇది కూడా బాగానే పనిచేస్తాంది." అమ్మ పొయ్యి దగ్గరే ఉంది. రొట్టె తిరగేసింది.

తర్వాత ఇద్దరం ఆడాం. అయిదు ఆటలు, అయిదూ తనవే. ఇంకో పది ఆడాం. ఒకటి నేను గెలిచాను, అప్పుడు తను ఫోన్లో మాట్లాడుతోంది.

"గుద్దు వచ్చినాక చూసి నొక్కతాండావు బావా నువ్వు. వాని భుజం కదిలినప్పుడే తెలుసుకోవల్ల. ఆదివారాలు వస్తాను, ఇద్దరం నేర్చుకుందాం. నేనూ తుమకూరుకు పేరిచ్చినాను."

మంచి మనసుతోనే అంది. అందుకే ఒళ్ళు మండింది. పనుంది, చూద్దామన్నాను.

మార్చి 3

ఆడలేదు.

మార్చి 5

ఆడాను. గేమ్ మోడ్‌లోనే.

మార్చి 9, ఆదివారం

మేఘ రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. వాకిలి దగ్గర బండి చప్పుడైతే వెనకనుంచి చెరువు వైపు వెళ్ళిపోయాను. వచ్చింది తను కాదు, పాలవాడు.

మార్చి 11

పెద్దతిమ్మప్ప తుమకూరుకు తోడు వస్తాడట. "నీ ఆట చూడాలప్పా, ఊరంతా బండి కట్టుకుని పోదాం" అన్నాడు. వెక్కిరింపు కాదు. నిజంగానే అంటున్నాడు, ముసలాయన.

మార్చి 14

టీవీ పోయింది. పొద్దున అమ్మ పనినుంచి వచ్చి దాన్ని తుడిచింది. ప్యానెళ్ళు తుడిచినట్టు నీళ్ళ బక్కెటా వైపరూ పెట్టి తుడిచింది. నిలువుగా పచ్చ గీతలు, తర్వాత అంతా నలుపు. పోటీకి తొమ్మిది రోజులు.

ఇంకేం రాయాలి.

మార్చి 15

వీధి వీధంతా వచ్చి చూసిపోయారు. టీవీని కడిగిన కెంచమ్మ అని కొళాయి దగ్గర ఒకటే నవ్వులట. "సోపు కూడా వేసినావా పిన్నమ్మా?" అని ఎవరో అడిగారట.

అమ్మ వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెబుతోంది. "నీళ్ళు పొయ్యలేదు నాయనా. గుడ్డ పిండి పిండి తుడిచినాను. పైనుంచి కిందికి ఒకటే లాగు. కింది అంచు కొంగుతో తుడిచినాను." ప్యానెల్ కింది అంచులో తడి నిలిస్తే అక్కడ దుమ్ము పట్టి కరెంటు తగ్గుతుంది. అందుకని ప్రతిదానికీ అంచు తుడవడం తనకు అలవాటు. ఆ మాట విని వాళ్ళు ఇంకా నవ్వారు.

నా దగ్గరికి కూడా వచ్చి నిలబడింది. "పోటీ ఉండాది గదా, దుమ్ములో నీకు బొమ్మ సరిగా కనబడదని తుడిచినాను. అంచు తుడిచినానప్పా నేను" అంది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మేఘకు నేనే ఫోన్ చేసి చెప్పాను. "అయ్యో" అంది. "మా ఇంటికి రా బావా, నా టీవీలో ఆడుకో." ఇప్పుడు ఆ మనసు లేదన్నాను. పెద్దతిమ్మప్ప నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీలేప్పా, నీ తప్పేముండాది" అన్నాడు. మూడేళ్ళలో ఈ ఊళ్ళో ఒకడు నాతో ఆ మాట అనడం ఇదే మొదలు.

మార్చి 16

రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మార్చి 17

అమ్మ తుడిచే పని మానేసింది. సూపర్‌వైజర్‌ను తనే అడిగి గడ్డి కోసే గుంపులోకి మారిందట. ప్యానెళ్ళ కింద వంగి వంగి కొయ్యాలి. ఎండంతా అక్కడే, పాములూ అక్కడే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి.

ఎందుకు మా అని అడిగాను.

"అందరూ నవ్వుతాండారని కాదప్పా. చేయి తప్పిందేమో నాది. తెలీకుండా తప్పింటే రేపు అంత పెద్ద గాజు పగలగొడతాను. వాళ్ళది గదా సొత్తు."

వైపర్‌ను స్టోరులో అప్పగించి వచ్చిందట. గోడకు అది ఆనించే చోట మరక ఒకటి మిగిలింది.

మార్చి 18

ఇంట్లో అమ్మ ఇప్పుడు ప్రతిదానికీ నన్ను అడుగుతోంది. "ఈ అద్దం తుడవనా?" "ఈ చెంబు అక్కడ పెట్టనా?" పొద్దున నా ఫోన్ మీద చుక్క నీళ్ళు పడితే వెనక్కి జరిగి నన్ను పిలిచింది.

ఇంకెవరూ చదివే పుస్తకం కాదిది. ఇందులో కూడా అబద్ధం రాసి పెట్టుకున్నానంటే నా అంత వెధవ ఇంకొకడు ఉండడు.

14వ తేదీ పొద్దున అమ్మ తుడిచిన మాట నిజం. తుడిచాక నేను రెండు గంటలు ఆడాను. తెర తళతళలాడుతోంది. మూలనున్న చిన్న అక్షరాలు కూడా కనబడుతున్నాయి. గేమ్ మోడ్, కొత్త సీటు, ఇంటర్నెట్ కూడా ఆరోజు ఏ పేచీ పెట్టలేదు. పదకొండు ఆటలు వరసగా ఓడిపోయాను. చివరిదానిలో వాడి భుజం కదలడం చూశాను, మేఘ చెప్పినట్టే. చూసినా లాభం లేదు. నా వేలే రాలేదు.

అమ్మ తుడిచిన వెంటనే రేషన్ అంగడికి వెళ్ళింది, ఇంకా రాలేదు. తన బక్కెట ఇంకా గదిలోనే ఉంది. ముందు ప్లగ్ పీకాను. నా ప్రాణం మీద అంత జాగ్రత్త ఉంది నాకు. తర్వాత చెంబుతో ముంచి టీవీ వెనక, గోడకూ దానికీ మధ్య సందులో, గాలి రంధ్రాలున్న చోట పైనుంచి పోశాను. ఒక చెంబు. తర్వాత ఇంకో సగం. కాసేపాగి ప్లగ్ పెట్టాను. పచ్చ గీతలు వచ్చాయి. బక్కెటను టీవీ కిందికి జరిపి, వైపర్ పక్కన నిలబెట్టి, అమ్మ వచ్చేదాకా వాకిట్లో కూర్చున్నాను. రాగానే "ఏం చేసినావు మా నువ్వు" అన్నాను.

బెంగళూరులో కూడా మేనేజర్ ఏమీ చెయ్యలేదు. మూడుసార్లు పిలిచి చెప్పాడు, నాలుగోసారి పంపించాడు.

రేపు అమ్మకు చెబుతాను.

మార్చి 19

చెప్పలేదు. అలసిపోయి వచ్చింది, పడుకోనిద్దామని.

మార్చి 20

చిక్కన్న అంగడి నుంచి టీవీలు బాగుచేసే శివరాజు వచ్చాడు. నేను రమ్మనలేదు. అమ్మే హొసకోటకు కబురు పంపిందట. పోటీకి ఇంకా మూడు రోజులున్నాయి, బాగవుతుందేమో చూడమని.

టీవీని గోడనుంచి దించి బోర్లా పడుకోబెట్టి వెనక మూత విప్పాడు. టార్చి వేసి చూసి, తర్వాత గోడను చూశాడు.

"కింది అంచునుంచి పోలేదే నీళ్ళు. ఆ అంచులో నీళ్ళ మరకే లేదు. గోడమీద చార చూడండి. పైనుంచి, వెనక పోసినారు ఎవరో. ఇది తుడిస్తే అయ్యేది కాదు. చెంబుతో పోస్తే అయ్యేది."

అమ్మ గోడమీది చార చూసింది. ఆరేళ్ళు గాజు తుడిచిన మనిషి కదా, ఏ నీళ్ళు ఎటు కారతాయో తనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ చార ఎక్కడ మొదలైందో తల ఎత్తి చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఒక్కసారే.

"ఎవురు పోసినారు?" అన్నాడు శివరాజు.

"నేనే పోసినానప్పా" అంది అమ్మ. "వెనక దుమ్ముండాదని."

"ఏంది పెద్దమ్మా, బుద్ధుండి చేసినావా? కరెంటు కొట్టింటే ప్రాణం పోయేది."

"తెలీలేదప్పా. చదువుకోనిదాన్ని."

శివరాజు ఇంకా ఏవేవో అన్నాడు. వారంటీ రాదన్నాడు, ఇలాంటివాళ్ళుంటే ఇంట్లో ఏ వస్తువు నిలుస్తుందన్నాడు. అమ్మ తల వంచుకుని విన్నది. నేను పక్కనే నిలబడి విన్నాను. టార్చి పట్టుకోమంటే పట్టుకున్నాను.

అతను పోయాక తడిగుడ్డ తెచ్చి గోడమీది చార తుడిచింది. పైనుంచి కిందికి, ఒకటే లాగు. ఈసారి నన్నేమీ అడగలేదు. కింద నేల కొంగుతో తుడిచి, "చెయ్యి కడుక్కోని రా, ముద్ద చల్లారిపోతాది" అంది.

శివరాజు అడగడానికీ అమ్మ చెప్పడానికీ మధ్య ఆలస్యమే లేదు. నెలన్నరగా ఆలస్యాలు కొలుస్తున్నవాణ్ణి, ఆ మాత్రం తెలుస్తుంది నాకు.

మార్చి 23, ఆదివారం

పోటీ అయిపోయింది. మేఘ మూడో స్థానమట. "నువ్వు వచ్చింటే బాగుండేది బావా. అత్తను ఏమీ అనొద్దు, పాపం" అని మెసేజ్ పెట్టింది. సరే అని జవాబిచ్చాను.

సెలవైనా అమ్మ ఇవాళ గడ్డి పనికి పోయింది. సాయంత్రం వచ్చింది. రెండు చేతుల మీదా గాట్లు. వంటింట్లో పాత టీవీ పెట్టుకుని, దానికి దూరంగా, గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ టీవీ మీద వేలు పెడితే గీత పడేంత దుమ్ముంది.

గడప దగ్గర నిలబడ్డాను. మాటలు వరసగా పేర్చుకునే వచ్చాను. మొదటి మాట, రెండో మాట.

"మా" అన్నాను.

"ఏందప్పా" అంది వెంటనే, సీరియల్ వదిలేసి నా వైపు తిరిగి. చాలాసేపు అలాగే చూసింది. టీవీలో ఎవరో ఏడుస్తున్నారు.

"అన్నం పెట్టు" అన్నాను.